సుడి

సులైబియా తుక్కు యార్డు వెనక
టైర్ల గుట్టలో దొరికింది.
వెనక కాలికి కట్టుతీగ.
విప్పుతుంటే కరవలేదు,
నా చేతిని చూడకుండా
ఎటో ఎడారి వైపు చూస్తూ వణికింది.

నీళ్ల ట్యాంకరు నడుపుతాను.
ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో నాకు తెలుసు.
నాకున్నది మహబౌలాలో ఒక మంచం,
మంచం కింద ఒక పెట్టె.
"కుక్కని యాడ పెడతావురా, పెట్టెలోనా?"
అన్నాడు ఓబులయ్య.
క్యాబిన్లో పెట్టాను.

ట్యాంకు ఖాళీ అయ్యేలోపు
బండి చుట్టూ తొమ్మిది చుట్లు.
దుమ్ము లేచి నిలబడేది.
అందుకే సుడి అన్నాను.
సుడి ఉంటే ఇల్లు దొరక్కపోతుందా
అని కూడా అనుకున్నాను లెండి.

అంత పరుగూ ఒక్క చప్పుడుకి చచ్చిపోయేది.
బ్రేకు బుస్సుమంటే సీటు కిందికి.
చీపురు కనిపిస్తే నేలకి అతుక్కుపోవడం.
ఫోన్లో మా బామ్మర్ది మీద అరిస్తే
ఆ తిట్లన్నీ తనకేననుకుని
ఉన్నచోటే ఉచ్చ పోసుకునేది.
తుడిచీ తుడిచీ
సగం తిట్లు మింగడం నేర్చుకున్నాను.

ఫహాహీల్‌లో పదకొండో అంతస్తు.
మనవాళ్లే, నెమ్మదస్తులు.
అప్పటికే మెత్తటి పరుపు కొని ఉంచారు,
ఎముక ఆకారంలో బిస్కెట్లు.
లిఫ్టు తలుపు మూసుకోవడం చూసి
మెట్ల దగ్గరే కూలబడింది సుడి.
"అలవాటవుతుందిలెండి" అన్నారు.
నాలుగో రోజు ఫోను.
కర్టెన్లు చింపిందట, అది పెద్ద విషయం కాదట,
కిటికీలోంచి కిందికి చూస్తూ
మెతుకు ముట్టడం లేదట.
చెబుతూ ఆమె ఏడ్చింది.
తప్పెవరిదని అనను?
పరుపు తిరిగివ్వబోతే
"ఉంచండి, దానిదే కదా" అంది.

వఫ్రాలో తోట.
చూపుకి ఏదీ అడ్డం తగలనంత చోటు.
హమ్మయ్య అనుకున్నాను.
గేటు పక్కన గొలుసు కనిపించింది,
గొలుసు పొడుగంతా
నేల గుండ్రంగా అరిగిపోయి ఉంది.
ముందున్న కుక్క ఏమైందని అడగలేదు.
నీళ్లు పోసి, రసీదు రాయించుకుని
సుడిని దించకుండానే బండి తిప్పాను.

అబ్దలీలో మేకల కొట్టం.
కాపరి పేరు బుష్రా, సూడాన్ మనిషి.
ఒక చెవి వినపడదు,
అయినా గొంతు పెంచడు.
"ఇదేనా?" అన్నాడు, అంతే.
పిలవలేదు, చిటికె వెయ్యలేదు,
రొట్టె ముక్క చూపించలేదు.
దానికి వీపు పెట్టి కూర్చుని
పళ్లెంలో పప్పు పోసుకుని
రాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

సుడి కొట్టం చుట్టూ తిరిగింది.
తొట్టి చుట్టూ, మేకల చుట్టూ.
పైపు నీళ్లు పడుతూనే ఉన్నాయి,
నేను చుట్లు లెక్కపెట్టడం మానేశాను.
చుట్టు చిన్నదవుతూ, ఇంకా చిన్నదవుతూ
అతని వీపుకి తన వీపు ఆనించి
దబ్బున కూర్చుండిపోయింది.
అతను తిరిగి చూడలేదు.
ఇంకో రాయి తీసి పక్కన పెట్టాడు.

బండెక్కి అద్దంలో చూశాను.
వెంటపడి వస్తుందేమోనని.
నిజం చెప్పొద్దూ, రావాలని.
రాలేదు.
అబ్దలీ రోడ్డు పొడుగునా దాన్ని తిట్టుకున్నాను,
మెల్లగా.

ఆ మెత్తటి పరుపు ఇప్పుడు
ఓబులయ్య నడుం కింద ఉంది.
క్యాబిన్ తలుపు నేను ఇంకా
చప్పుడు కాకుండా ఒత్తి వేస్తాను.
సీటు కింద వెంట్రుకలు ఎన్ని దులిపినా పోవు.

నెలకి రెండుసార్లు అబ్దలీకి నీళ్లు.
మేకలు రోజుకి ఏడు కిలోమీటర్లు నడిస్తే
ఇది ముప్పై నడుస్తుందని
వేళ్లతో చూపించి నవ్వాడు బుష్రా.
బండి ఆగగానే సుడి వస్తుంది.
టైరు వాసన చూస్తుంది, నా మోకాలు చూస్తుంది,
ఒక్క చుట్టు, ఒక్కటే, తిరిగి
మేకల దగ్గరికి పోతుంది,
పనున్నదానిలా.